గీత కింద ఏం రాస్తున్నారు?

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఫ్యాక్టరీల చట్టానికి సవరణలు చేసింది. రోజుకు తొమ్మిది గంటలున్న పని పరిమితిని పది చేసింది. అయిదు గంటలు పనిచేశాక అరగంట విరామం ఇవ్వాలన్న నిబంధనను ఆరు గంటలకు జరిపింది. విరామాలతో కలిపి మనిషిని ఫ్యాక్టరీలో ఉంచగలిగే సమయాన్ని పదిన్నర గంటల నుంచి పన్నెండుకు పెంచింది. మూడు నెలల్లో 75 గంటలు మించకూడని ఓవర్‌టైమ్ పనిని (ఓటీని) 144 గంటల దాకా వదిలింది. వారానికి 48 గంటల హద్దు అలాగే ఉంది కదా, ఓటీకి రెట్టింపు కూలి వస్తుంది కదా, పెట్టుబడులు వస్తాయి కదా, ఉత్పాదకత పెరుగుతుంది కదా అని సమర్థించుకున్నారు.

ఈ నాలుగు మాటల్లో చివరిదాన్ని పట్టుకుంటాను. అది అబద్ధం. రాజకీయంగా కాదు, అయిదో తరగతి లెక్క ప్రకారమే అబద్ధం.

ఉత్పాదకత అంటే భాగహారం. గీత పైన తయారైన సరుకు ఉంటుంది. గీత కింద దానికోసం ఖర్చయిందంతా ఉంటుంది: మనిషి గంటలు, ముడిసరుకు, కరెంటు, నీళ్లు, యంత్రం అరుగుదల. ఒక లైను తొమ్మిది గంటల్లో 900 ఫోన్లు బిగిస్తోందనుకుందాం. గంటకు వంద. పదో గంట కలిపారు. అప్పటికి కళ్లు మంటలెత్తాయి, వేళ్లు మొద్దుబారాయి, నడుం లాగేస్తోంది. ఆ గంటలో ఎనభయ్యే వచ్చాయి. మొత్తం 980. గోడౌనులో ఎనభై ఫోన్లు ఎక్కువ చేరాయి, కానీ గంటకు వచ్చేవి 98కి పడిపోయాయి. ఉత్పత్తి పెరిగింది, ఉత్పాదకత తగ్గింది. పదో గంటలో కూడా కచ్చితంగా వందే బిగించినా ఉత్పాదకత ఉన్నచోటే ఉంటుంది. అది పెరగాలంటే, అలిసిపోయిన మనిషి పదో గంటలో తన మొదటి గంటకన్నా జోరుగా చేయాలి. అలాంటి మనిషిని కన్న తల్లి ఈ భూమ్మీద లేదు.

ఇంత చిన్న తేడా పెట్టుబడిదారుల సదస్సుల్లో మాట్లాడే పెద్దలకు తెలియదని నేననుకోను. ఉత్పత్తిని చూపించి దాన్నే ఉత్పాదకత అంటున్నారు, ఎందుకంటే ఉత్పత్తి పెంచడానికి మనిషిని పిండితే చాలు, ఉత్పాదకత పెంచడానికి బుర్ర పెట్టాలి. గంటలు పెంచండి అని అడిగే యాజమాన్యం తన పని తనకు చేతకాలేదని చెప్పుకుంటున్నట్టు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

ఆ పది గంటలు కొత్తవి కూడా కావు. తెల్లవాళ్ల ప్రభుత్వం 1934లో చేసిన ఫ్యాక్టరీల చట్టంలో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకు రోజుకు పది గంటలు, వారానికి 54 గంటలు ఉండేవి. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న కాలంలో కదిలిన పని ఫలితంగా 1946లో అవి రోజుకు తొమ్మిది, వారానికి 48 అయ్యాయి. స్వతంత్ర దేశం 1948 చట్టంలో దాన్నే నిలబెట్టింది. పరాయి పాలనలోనే వదిలించుకున్న పదో గంటను మన శాసనసభ మళ్లీ తెచ్చి మన పిల్లల నెత్తిన పెట్టింది. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్లను అమల్లోకి తెచ్చింది. రేపు ఏ చట్టం పేరున ఏ నిబంధన వచ్చినా దాన్ని ఈ గీత దగ్గరే నిలబెట్టి అడగాలి.

ఇప్పుడు సత్యవేడు వైపు వెళ్దాం. తడ నుంచి లోపలికి తిరిగితే సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో పరుచుకున్న శ్రీసిటీ. ఒకప్పటి చిత్తూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లా. 2015 ఆగస్టులో షియోమి భారత్‌లో తయారైన తన తొలి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖలో విడుదల చేసింది. ఆ ఫోనును బిగించింది శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ లైన్ల మీదే. అక్కడి నుంచి ఇసుజు బళ్లు, చాక్లెట్లు, ఏసీలు, మెట్రో రైలు పెట్టెలు బయటికొస్తున్నాయి. ఈ ప్రాంతపు ఆడపిల్లలకు ఇంటి బయట తొలి జీతం అందించిన చోటు అది. దాన్ని నేను తక్కువ చేయను. ఆ జీతంతో చెల్లెలి ఫీజు కట్టినవాళ్లు, ఇంటి అప్పు తీర్చినవాళ్లు, పెళ్లి విషయంలో తమ మాట చెల్లించుకున్నవాళ్లు ఉన్నారు. అందుకే ఆ పిల్లల గంటల గురించి ఇంత కోపంగా రాస్తున్నాను.

ఫోను బిగించే లైనులో ఒక స్టేషన్ దగ్గర నిలబడి చూడండి. అక్కడ పనిచేసే పిల్లకు ఎదురుగా బెల్టు. ఎడమచేత్తో బోర్డు తీసి ఫిక్చర్లో కూర్చోబెట్టాలి. నెత్తిమీద స్ప్రింగుకు వేలాడే కరెంటు స్క్రూడ్రైవరును కుడిచేత్తో కిందికి లాగాలి. గింజంత స్క్రూ దాని కొనకు అతుక్కోవాలి, రంధ్రంలో నిటారుగా దిగాలి. వంకరగా దిగితే బోర్డు చెడుతుంది, రిజెక్షన్ తన పేరున పడుతుంది. తర్వాత ఇంకో స్క్రూ, ఇంకో బోర్డు. పైన వేలాడే తెరమీద మూడు అంకెలు: టార్గెట్, అయినవి, లోటు. లోటు ఎర్రగా ఉంటుంది. బాత్రూముకు వెళ్లాలంటే లైన్ లీడరు మనిషిని సర్దాలి. ఆ పిల్ల చేతుల్లో చురుకు లేక లైను ఆగదు. లైను వేగాన్ని నిర్ణయించేది అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే స్టేషన్. అక్కడ పని రెండుగా విడగొట్టాలా, ఫిక్చరు మార్చాలా, విడిభాగాల ట్రే రెండు జానలు దగ్గరికి జరపాలా, ముందు స్టేషన్ నుంచి వచ్చే తప్పును అక్కడే ఆపాలా అని తేల్చాల్సింది ఇంజనీరు. ఆ అధ్యయనం చేసిన ఫ్యాక్టరీ అదే తొమ్మిది గంటల్లో ఎక్కువ ఫోన్లు తీస్తుంది. చేయని ఫ్యాక్టరీ పదో గంట కోసం అమరావతికి అర్జీ పెడుతుంది.

144 గంటల ఓటీని పదమూడు వారాలకు పంచండి. వారానికి పదకొండు గంటలు. 48కి కలిపితే 59. ఆరు రోజుల పనిలో రోజూ దాదాపు పది. ఇది ఫ్యాక్టరీ గేటు లోపలి లెక్క. గేటు బయటి లెక్క ఏ రికార్డులోనూ లేదు. నాగలాపురం వైపు పల్లెల నుంచో, శ్రీకాళహస్తి అవతల నుంచో కంపెనీ బస్సెక్కే పిల్లకు పోను గంటన్నర, రాను గంటన్నర అనుకోండి. విరామాలతో కలిపి లోపల పన్నెండు దాకా, దారిలో మూడు. మిగిలిన తొమ్మిది గంటల్లో నిద్ర, స్నానం, వంట, బట్టలు, బిడ్డ ఉంటే బిడ్డ. రాత్రి షిఫ్టయితే ఆ నిద్ర కూడా మిట్టమధ్యాహ్నం రేకుల ఇంట్లో. బస్సు గంటలు గీత కింద ఎవరూ రాయరు. రాయకపోతే అవి ఖర్చు కానట్టు కాదు. కంపెనీ బదులు ఆ పిల్ల ఒళ్లు కడుతోంది.

ఈ పాఠం ప్రపంచం వందేళ్ల కిందటే నేర్చుకుంది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు స్టాప్‌వాచ్ పట్టుకుని మనిషి కదలికలను కొలిచాడు. బెత్లెహెమ్ ఉక్కు కర్మాగారంలో ఇనుప దిమ్మెలు మోసే కూలీ రోజుకు పన్నెండున్నర టన్నులు ఎత్తేవాడు, టేలర్ చెప్పిన పద్ధతిలో 47న్నర టన్నులు ఎత్తాడు. ఈ కథను 1911లో తన పుస్తకంలో టేలరే రాసుకున్నాడు. బరువు దాదాపు నాలుగింతలైంది. కూలి డాలరు 15 సెంట్ల నుంచి డాలరు 85 సెంట్లకు, అంటే అరవై శాతం పెరిగింది. మిగిలిన లాభం ఎక్కడికి పోయిందో చెప్పడానికి స్టాప్‌వాచ్ అక్కర్లేదు. అయినా టేలర్‌ను ఒక విషయంలో మెచ్చుకోవాలి. ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు కూర్చోవాలి అని విశ్రాంతిని కూడా పనిలో భాగంగానే లెక్కగట్టాడు. మనవాళ్లు టేలర్ దగ్గర స్టాప్‌వాచ్ తీసుకుని విశ్రాంతిని వదిలేశారు.

హెన్రీ ఫోర్డ్‌ను చూడండి. కార్మిక సంఘం పేరెత్తితే మండిపడే మనిషి. 1913లో హైలాండ్ పార్కు ఫ్యాక్టరీలో కదిలే లైను పెట్టాడు. మోడల్ టీ కారు చాసీ బిగించడానికి పట్టే పన్నెండున్నర గంటలు కొద్ది నెలల్లోనే 93 నిమిషాలకు దిగింది. అది పద్ధతి మార్చడం వల్ల వచ్చిన ఉత్పాదకత. కానీ ఆ లైను మీద మనుషులు నిలవలేదు. 1913లో ఆ ఫ్యాక్టరీలో మనుషులు మారిన రేటు 370 శాతం. వంద మందిని నిలబెట్టుకోవడానికి ఏడాదిలో 370 మందిని తీసుకోవాల్సి వచ్చేది. అప్పుడు ఫోర్డ్ ఏం చేశాడు? 1914 జనవరిలో పనిని తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి దించి, రోజుకు అయిదు డాలర్లు ప్రకటించాడు. 1926లో వారానికి అయిదు రోజులే అన్నాడు. దయతో కాదు, లాభం చూసుకునే చేశాడు. వందేళ్ల కిందటి ఆ పచ్చి వ్యాపారికి తెలిసిన లెక్క మన పరిశ్రమల శాఖకు ఇప్పటికీ తెలియదా?

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో ఎక్కువగా ఆడవాళ్లే గుండ్లు తయారుచేశారు. ఆ రోజుల్లో అధికారులు రాసిపెట్టిన రికార్డులను స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ మళ్లీ విశ్లేషించి 2014లో ఫలితం ప్రకటించాడు. వారానికి 70 గంటలు చేసినప్పుడు వచ్చిన సరుకు 56 గంటలకు వచ్చిన సరుకుకన్నా పెద్దగా ఎక్కువేం లేదు. దాదాపు పద్నాలుగు గంటలు వృథా. దేశం యుద్ధంలో ఉంది, గుండ్లు అత్యవసరం, భర్తలూ అన్నదమ్ములూ యుద్ధరంగంలో ఉన్నారు, పని చేయాలన్న కసికి కొదవలేదు. అయినా శరీరం ఒప్పుకోలేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ 90 గంటలన్నారు. ఆ గుండ్ల ఫ్యాక్టరీల రికార్డు వందేళ్ల ముందే వాళ్లకు జవాబు చెప్పింది.

గీత కింద రాయకుండా దాచేది కార్మికుల గంటలను మాత్రమే కాదు. మన చిత్తూరు మామిడి రైతును చూస్తే దాచడం ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

2025 జూన్, జూలై. తోతాపురి కాయ తోటల్లో విరగకాసింది. చిత్తూరు చుట్టూ, గుడిపాల, బంగారుపాళెం వైపు ఉన్న జ్యూస్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు, లారీలు కిలోమీటర్ల పొడవున నిలిచిపోయాయి. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించింది: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ ఎనిమిది చాలాచోట్ల రైతు చేతికి ఎనిమిదిగా రానే లేదు. కేంద్రం క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసలు లెక్కగట్టి 1.62 లక్షల టన్నులకు మార్కెట్ జోక్య పథకం కింద ధర తేడాలో వాటా భరించడానికి ఒప్పుకుంది. ఈ అంకెలన్నీ పేపర్లలో వచ్చాయి. రాని అంకె ఒకటుంది. రోడ్డు మీద రైతు కూర్చున్న గంటలు.

క్యూలో ఒక ట్రాలీ దగ్గరికి రండి. టోకెన్ జేబులో ఉంది, వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. పైన కప్పిన వేపమండలు వాడిపోయాయి. అడుగు కాయ పైకాయ బరువుకు చితికి సొన కారుతోంది, ఈగలు ముసురుతున్నాయి. కోసినప్పుడు గట్టిగా ఉన్న కాయ రెండో రాత్రికి మెత్తబడింది. కాయ నీరు కోల్పోయినకొద్దీ తూకం పోతుంది, కాటా ఎక్కేసరికి ఎంత తగ్గుతుందో రైతు కళ్లతోనే లెక్కేస్తున్నాడు. ట్రాక్టరు బాడుగ రోజుకింత అని పెరుగుతోంది. కోత కూలీలకు డబ్బులు నిన్ననే ఇవ్వాలి. గేటు దగ్గర మెత్తకాయ ఏరి పక్కన పోయమంటారు. ఏరిన కాయ వ్యాపారులు కొనే ర్యాంపుకు తీసుకెళ్తే అడిగే దిక్కులేదు, గట్టుపక్కన పారబోయాల్సిందే.

గేటు లోపల యంత్రం మాత్రం ఒక్క నిమిషం ఖాళీగా లేదు. గంటకు ఎన్ని టన్నులు ఆడించింది, టన్ను కాయకు ఎంత గుజ్జు దిగింది, డ్రమ్ముకు కరెంటు ఎంత కాలింది అన్నీ రిజిస్టర్లో ఉన్నాయి. ఆ రిజిస్టరు ప్రకారం అది గొప్ప ఉత్పాదకత. ఎలా సాధ్యమైంది? బయట క్యూ ఉంది కాబట్టి. క్యూల గణితంలో అన్నిటికన్నా సరళమైన సూత్రం ఒకటుంది. యంత్రాన్ని 80 శాతం సమయం వాడితే, ఒక బండిని దించడానికి ఎంతసేపు పడుతుందో దానికి నాలుగింతలు సగటున ఎదురుచూడాలి. 90 శాతం వాడితే తొమ్మిదింతలు. 95 శాతం వాడితే పంతొమ్మిదింతలు. యంత్రం వాడకాన్ని 90 నుంచి 95 శాతానికి పెంచాలంటే బయటివాడి నిరీక్షణ రెట్టింపుకు పైగా కావాలి. ఫ్యాక్టరీ తన యంత్రపు ఖాళీని రైతు నిద్రతో కొనుక్కుంది, పైసా ఇవ్వకుండా కొనుక్కుంది. క్యూలో ఉన్న ప్రతి ట్రాక్టరు గంటనూ, ప్రతి కిలో తరుగునూ, పారబోసిన ప్రతి కాయనూ గీత కింద రాసి మళ్లీ భాగించండి. ఆ గొప్ప ఉత్పాదకత ఎంత మిగులుతుందో చూద్దాం.

మామిడి ఏడాదికి రెండు నెలల పంట, ఒక్కసారిగా వచ్చి పడుతుంది, ఎవరేం చేయగలరు అంటారు. చేయగలరు. ఏ మండలంలో ఏ వారం ఎంత కాయ కోతకొస్తుందో తోటల సర్వే చెబుతుంది. టోకెన్ తోటలోనే ఇచ్చి, గంట చెప్పి, ఆ గంటకే బండి రమ్మనొచ్చు. చెప్పిన గంట దాటితే గంటకింత అని ఫ్యాక్టరీ రైతుకు కట్టాలని రాయొచ్చు. గోడౌన్ల దగ్గర లారీ నిలిస్తే డెమరేజి కట్టే వ్యాపారులున్న దేశంలో, రైతు ట్రాక్టరు నిలిస్తే డెమరేజి ఎందుకుండదు? ఆ ఒక్క నిబంధన పెట్టి చూడండి. క్యూ పెట్టుకోవడం దండగని ఫ్యాక్టరీ మేనేజరే ముందుగా లెక్క తేలుస్తాడు.

నగరి, పుత్తూరు, ఏకాంబరకుప్పం వైపు పోతే దాచిన లెక్క నీళ్లలో కనిపిస్తుంది. మరమగ్గాల షెడ్డులో చెవులు గింగిర్లెత్తే చప్పుడు మధ్య ఒక్క మనిషి ఒకటికి మించిన మగ్గాలను చూసుకుంటాడు. కూలి గుడ్డ లెక్కన. కరెంటు పోయిన గంట అతని ఖాతాలో, దారం తెగిన గంట అతని ఖాతాలో. రంగులద్దిన నీళ్లు కుశస్థలి నది ఖాతాలో. ఆ నీళ్లు పూండి జలాశయం దాకా, అక్కడి నుంచి చెన్నై కుళాయిల దాకా పోతాయి. మీటరు గుడ్డ ఇంత చవగ్గా ఎలా వస్తోందని ఎవరైనా అడిగితే, నది కొంత కడుతోందని, నేతగాడి చెవులు కొంత కడుతున్నాయని చెప్పాలి.

సరైన కొలత అంటే ఏమిటో చూడాలంటే జపాను దాకా పోనక్కర్లేదు. కొండెక్కితే చాలు. తిరుమల ఆలయ వంటశాల అయిన పోటులో లడ్డూకు దిట్టం, అంటే ముందే స్థిరపరిచిన సరుకుల కొలత, ఉంది. ఒక దిట్టానికి 5,100 లడ్డూలు. దానికి శనగపిండి 180 కిలోలు, చక్కెర 400, ఆవు నెయ్యి 165, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4. భాగించి చూడండి. లడ్డూకు 32 గ్రాముల నెయ్యి, 35 గ్రాముల పిండి, దాదాపు ఆరు గ్రాముల జీడిపప్పు. ఈ లెక్కలో ఎన్ని లడ్డూలు వచ్చాయన్నది మొదట అడగరు. ఒక్కో లడ్డూలోకి ఏమేం పోవాలన్నది మొదట స్థిరమవుతుంది. కింద రాయాల్సినవన్నీ రాసి, ఆ తర్వాతే పైన అంకె వేస్తారు. లడ్డూకు అయిదు గ్రాముల నెయ్యి తగ్గిస్తే దిట్టానికి ఇరవై అయిదున్నర కిలోలు మిగులుతుంది. కంప్యూటరు షీటు మీద అది సామర్థ్యం. భక్తుడి నాలుక మీద అది దొంగతనం. దిట్టం దాన్ని దొంగతనంగానే చూస్తుంది.

ఆ దిట్టంలోకి వచ్చే నెయ్యి కల్తీ అన్న ఆరోపణలతో 2024లో ఏం జరిగిందో దేశమంతా చూసింది. సుప్రీంకోర్టు అక్టోబరులో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. దోషులెవరో న్యాయస్థానం తేలుస్తుంది. నేను అడిగేది ధర గురించి. కిలో ఆవు నెయ్యి 320 రూపాయలకు వస్తుందని కాగితం మీద చూసినవాళ్లు చిత్తూరు జిల్లాలో ఏ పాడి రైతునైనా అడిగి ఉండాల్సింది. నాలుగు శాతం వెన్న ఉన్న పాలు పాతిక లీటర్లు పోస్తే కిలో నెయ్యి. ఆ పాతిక లీటర్లకు రైతుకు ఎంత ఇవ్వాలి? వెన్న తీసిన పాలు అమ్ముకున్నా ఆ ధర కుదిరేనా? తక్కువ ధరకు తెచ్చినవాడే సమర్థుడన్న కొలత అక్కడా ఇదే పని చేసింది. గీత కింద అంకె చిన్నదైతే చాలనుకున్నారు, అది ఎందుకు చిన్నదైందో అడగలేదు.

ఇక నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది: పక్క రాష్ట్రాలతో పోటీ, మనం గంటలు పెంచకపోతే కంపెనీలు సరిహద్దు దాటిపోతాయి. శ్రీసిటీ నుంచి తమిళనాడు సరిహద్దు కూతవేటు దూరమే, కాబట్టి ఆ పోలికే చూద్దాం. 2023 ఏప్రిల్లో తమిళనాడు శాసనసభ పన్నెండు గంటల పనికి దారి తెరుస్తూ బిల్లు పాస్ చేసింది. కార్మిక సంఘాలు, సొంత కూటమి పార్టీలు లేచాయి. మే 1న ముఖ్యమంత్రి స్టాలిన్ బిల్లును వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించారు. కంపెనీలు పారిపోయాయా? 2023–24లోనూ 2024–25లోనూ ఎలక్ట్రానిక్స్ ఎగుమతుల్లో దేశంలో మొదటి స్థానం తమిళనాడుదే. కంపెనీలను నిలబెట్టింది రేవులు, రోడ్లు, నైపుణ్యం, విడిభాగాలు చేసే చిన్న ఫ్యాక్టరీల గొలుసు. వాటిని కట్టడానికి ఏళ్లు పడుతుంది, ఓపిక కావాలి. గంటలు పెంచడానికి ఒక పూట సభ చాలు. మన ప్రభుత్వం ఆ సులువైన దారి పట్టింది.

రెండో జవాబు: కార్మికులే ఓటీ అడుగుతున్నారు. అవును, అడుగుతారు. అసలు జీతం హాస్టలు ఖర్చుకు, ఇంటికి పంపే డబ్బుకు చాలనప్పుడు అడగక ఏం చేస్తారు? ఎనిమిది గంటల జీతంతో బతకగలిగినప్పుడు అడిగితే అది ఇష్టం. ఓటీ వద్దన్న పిల్లను మర్నాడు లైను మార్చకుండా, కాంట్రాక్టు ముగిశాక ఇంటికి పంపకుండా ఉంటే అది ఇష్టం. ఆడవాళ్ల రాత్రి షిఫ్టుకు వాళ్ల రాతపూర్వక సమ్మతి ఉండాలన్న నిబంధన మంచిదే. వద్దని రాసిచ్చినవాళ్ల ఉద్యోగం ఏమైందో కూడా రిజిస్టర్లో రాయించండి, అప్పుడు నమ్ముతాను.

మూడోది పెద్దమనుషుల మాట: ముందు సంపద పెరగాలి, తర్వాత అందరికీ పంచుతాం. ఉత్పాదకత పెరిగినప్పుడు ఎలా పంచారో పరిశ్రమల వార్షిక సర్వే చెబుతోంది. దేశంలోని వ్యవస్థీకృత ఫ్యాక్టరీలు కలిపిన నికర విలువలో కార్మికుల వేతనాల వాటా 1980ల మొదట్లో దాదాపు 30 శాతం. 2000ల చివరికొచ్చేసరికి పది శాతం దరిదాపుకు పడిపోయింది. ఆ మధ్యలో యంత్రాలు వచ్చాయి, పద్ధతులు మారాయి, ఒక్కో మనిషి చేసే సరుకు ఎన్నో రెట్లు పెరిగింది. బెత్లెహెమ్‌లో దిమ్మెలు మోసిన కూలీకి జరిగిందే దేశమంతటా జరిగింది. పెరిగినప్పుడు పంచనివాళ్లు, గంటలు మాత్రం ఇంకా ఇవ్వమని చేతులు చాస్తున్నారు.

కాబట్టి నేను అడిగేది ఇది. ఈ ఫ్యాక్టరీలకు ప్రజల భూమి ఇస్తున్నాం, కరెంటు రాయితీ ఇస్తున్నాం, పెట్టుబడిలో వాటా రాయితీగా ఇస్తున్నాం. లెక్క అడిగే హక్కు మనకుంది. రాయితీ తీసుకునే ప్రతి ఫ్యాక్టరీ ఏటా ఒక్క పేజీ బయటపెట్టాలి. రిజెక్షన్ తీసేశాక గంటకు వచ్చిన మంచి సరుకు ఎంత? షిఫ్టులో ఏ గంటలో తప్పులు ఎక్కువ, ఏ గంటలో ప్రమాదాలు ఎక్కువ? ఏడాదిలో మానేసినవాళ్లు ఎందరు? ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా కార్మికురాలికి పట్టిన గంటలెన్ని? గేటు బయట రైతు ఎదురుచూసిన గంటలెన్ని? తీసుకున్న నీళ్లెన్ని, వదిలిన నీళ్లు ఎలాంటివి? పెరిగిన విలువలో కూలి వాటా ఎంత? వీటిలో కొన్ని ప్రతి ఫ్యాక్టరీ కంప్యూటర్లో ఇప్పటికే ఉన్నాయి. లేనివి రాసుకోవడానికి ఒక గుమాస్తా చాలు.

ఆ పేజీ వచ్చేదాకా పదో గంట అడిగే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు, ఇచ్చే హక్కు ఏ శాసనసభకూ లేదు. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఎన్నికై ఆ సవరణకు చేయెత్తిన ప్రతి సభ్యుడూ అంతకుముందే ఒక లైను పక్కన పది గంటలు నిలబడి ఉండాల్సింది, ఒక మామిడి ట్రాలీ మీద రెండు రాత్రులు పడుకుని ఉండాల్సింది. అప్పుడు చేయలేదు, ఇప్పుడైనా చేయండి. చేశాక మీ ఓటును మీరే వెనక్కి తీసుకోండి. సవరణను రద్దు చేయండి. ఉత్పాదకత నిజంగా కావాలంటే మనిషి గంటలను ముట్టుకోకుండా పద్ధతిని మార్చి చూపించమని కంపెనీలను అడగండి. చేయగలిగిన కంపెనీకి ఎర్రతివాచీ పరవండి. చేయలేనిదాన్ని సాగనంపండి. మన పిల్లల ఆయుష్షును రాయితీగా ఇచ్చి నిలబెట్టుకోవాల్సిన కంపెనీ ఏదీ ఈ నేలకు అక్కర్లేదు.